గడ్డ కరిగిపోయింది కదా, ఇంకా పక్కటెముకలు తీయడమెందుకు?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక పల్లె. మా బాబుకి 9 ఏళ్ళు. పోయిన వేసవిలో కుడి డొక్కలో నొప్పి అంటే, క్రికెట్ ఆడుతూ పడ్డాడు కదా, దెబ్బ తగిలిందేమో అనుకున్నాం. తర్వాత దగ్గు, ఆయాసం వచ్చాయి. నెమ్ము చేసిందని, ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరిందని మందులు వాడారు. తగ్గలేదు. సీటీ తీస్తే 8వ పక్కటెముక దగ్గర గడ్డ ఉందన్నారు. ముక్క పరీక్ష చేసి యూయింగ్ సార్కోమా అనే ఎముక క్యాన్సర్ అని తేల్చారు. ఇంకెక్కడికీ పాకలేదట. ఆరు కీమోలు అయ్యాయి. ఇప్పుడు గడ్డ చేతికి తగలడం లేదు, నొప్పి లేదు, వాడు మళ్ళీ ఆడుకుంటున్నాడు. ఇలాంటప్పుడు ఆపరేషన్ చేసి మూడు పక్కటెముకలు కొంత మేర తీసి మెష్, అంటే వల లాంటిది, వేస్తామంటున్నారు. కత్తి పడితే పాకిపోతుందని మా అత్తగారు భయపడుతున్నారు. కరెంటు (రేడియేషన్) పెట్టిస్తే సరిపోదా అని బంధువులు అంటున్నారు. ఎముకలు తీసేస్తే లోపలి అవయవాలకి రక్షణ ఏది? పెరిగే పిల్లాడు, వెన్ను వంకర పోదా? టైటానియం పక్కటెముకలు ఉన్నాయని నెట్‌లో చూశాం, అవి వేయించాలా? ఆ రోజు దెబ్బని నేను పట్టించుకోకపోవడం వల్లే ఇదంతా వచ్చిందా?
— ఒక తల్లి

సమాధానం: అమ్మా, మీ చివరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. ఆ భారం దిగితే తప్ప మిగతావి మీ చెవికెక్కవు. మీ వల్ల రాలేదు. దెబ్బ వల్ల యూయింగ్ సార్కోమా రాదు. ఒక్క కణంలో 11వ క్రోమోజోము ముక్క, 22వ క్రోమోజోము ముక్క చోటు మార్చుకుని తప్పుగా అతుక్కుంటాయి, ఎక్కువ మంది పిల్లల్లో ఇది అక్కడే మొదలవుతుంది. అది తల్లిదండ్రుల నుంచి వచ్చేది కాదు, తిండి వల్ల వచ్చేదీ కాదు. పడ్డప్పుడు అందరి చూపూ ఆ డొక్క మీదికి వెళ్ళింది, అంతే. గడ్డ అప్పటికే ఉండి ఉంటుంది. మీకు ఇంకా పిల్లలుంటే వాళ్ళకి ఈ జబ్బు కోసం పరీక్షలు చేయించక్కర్లేదు.

నెమ్ము అనుకుని మందులు వాడటం కూడా ఈ జబ్బులో చాలామంది ఇళ్ళల్లో జరిగే కథే. పిల్లల్లో దగ్గు, జ్వరం, ఊపిరితిత్తి చుట్టూ నీరు అంటే చాలావరకు నెమ్మో, టీబీయో అయి ఉంటాయి. ఛాతీ గోడలో పుట్టే గడ్డలు అరుదు. పిల్లలకి వచ్చే గడ్డ క్యాన్సర్లన్నీ కలిపి 100 అనుకుంటే ఛాతీ గోడవి సుమారు రెండు. మన దగ్గర పక్కటెముకకి టీబీ వచ్చి వాపు, చీము చేరడం కూడా ఉంది కాబట్టి అది ఇదేమో అనుకోవడం మరీ తేలిక. ఇది చదివే మిగతా తల్లిదండ్రులకి ఒక మాట. పిల్లాడు వారాల తరబడి డొక్కలో ఒకే చోట నొప్పి అంటున్నా, రాత్రి నిద్రలో నొప్పికి లేస్తున్నా, నీరు తీసినా మళ్ళీ చేరుతున్నా, ఇంకో కోర్సు యాంటీబయాటిక్ వాడే ముందు సీటీ స్కాన్ సంగతి డాక్టర్‌ని అడగండి.

రిపోర్టుల్లో ఎక్కడైనా ‘ఆస్కిన్ ట్యూమర్’ అని కనిపిస్తే అది ఇంకో జబ్బేమో అని కంగారు పడకండి. 1979లో ఆస్కిన్ అనే పాథాలజిస్టు, ఆయన సహచరులు పిల్లల ఛాతీలో వచ్చే ఒక రకం గడ్డ గురించి రాశారు, ఆ పేరు అలా నిలిచిపోయింది. తర్వాత అదీ యూయింగ్ కుటుంబంలోదేనని తేలింది. వైద్యం ఒకటే.

ఇక అసలు సంగతి. గడ్డ చేతికి తగలడం లేదు, కాబట్టి పోయింది అనుకుంటున్నారు. ఇలా అనుకోవడంలో మీ తప్పేమీ లేదు. మొన్నటిదాకా పక్కకి తిరిగి పడుకోలేని పిల్లాడు బ్యాట్ పట్టుకుని వీధిలోకి పరిగెడుతుంటే ఏ తల్లికైనా అలాగే అనిపిస్తుంది. కానీ కీమోకి వేగంగా కరిగేది ఎముక చుట్టూ ఉన్న మెత్తటి భాగం. చేతికి తగిలింది అదే. పక్కటెముక మూలుగలోనూ, ఎముకని లోపలి వైపు అంటుకుని ఉండే పొరలోనూ మిగిలిన కణాలు చేతికీ తెలియవు, చాలాసార్లు స్కాన్‌లో కూడా కనిపించవు. కీమోతోనే ఆపేసి, పుట్టిన చోట ఆపరేషన్ గానీ రేడియేషన్ గానీ చేయకపోతే ఈ జబ్బు అక్కడే తిరిగొస్తుంది. తిరిగొచ్చిన దాన్ని నయం చేయడం మొదటిసారి కన్నా చాలా కష్టం. ఇంకెక్కడికీ పాకకుండా దొరికిన యూయింగ్ సార్కోమాలో కీమో, ఆపరేషన్, అవసరమైతే రేడియేషన్ అన్నీ సక్రమంగా పూర్తయితే ఈ రోజుల్లో 100 మందిలో సుమారు 70 మంది ఐదేళ్ళు దాటి బతుకుతున్నారు. మీ బాబు ఆ గుంపులో ఉన్నాడు. ఆ అవకాశం చేజారకుండా చూడటమే ఇప్పుడు మీ పని.

ముందు కీమో ఇచ్చి తర్వాత ఆపరేషన్ పెట్టడం కావాలని చేసిన ఏర్పాటే. పెద్ద గడ్డని మొదటే తీయబోతే ఎక్కువ ఎముకలు, ఎక్కువ కండ తీయాలి, అయినా అంచుల్లో కణాలు మిగిలిపోయే అవకాశం ఎక్కువ. కీమోతో గడ్డ కుదించుకుపోయాక తీస్తే అంచులు శుభ్రంగా వస్తాయి, ఆ తర్వాత రేడియేషన్ అవసరం కూడా చాలామందికి తప్పుతుంది. అంటే కీమో బాగా పనిచేయడం ఆపరేషన్ మానేయడానికి కారణం కాదమ్మా, ఆపరేషన్ బాగా జరగడానికి దొరికిన వీలు. ఆ వీలు ఎక్కువ కాలం ఉండదు. ఆఖరి కీమో తర్వాత రక్తకణాలు కోలుకోగానే, అంటే మామూలుగా రెండు మూడు వారాల్లో ఆపరేషన్ పెడతారు. పండగ అయ్యాక, పెళ్ళి అయ్యాక, మంచిరోజు చూసి అంటూ నెల రెండు నెలలు జరపొద్దు. మంచిరోజు కావాలంటే డాక్టర్లు ఇచ్చిన వారంలోనే చూసుకోండి.

కత్తి పడితే పాకుతుందన్న మీ అత్తగారి భయాన్ని నేను కొట్టిపారేయను. ఆ మాట ఊరికే పుట్టలేదు. వెనకటికి జబ్బు ముదిరాకే ఆపరేషన్‌కి వెళ్ళేవాళ్ళు, తర్వాత కొన్నాళ్ళకే మనిషి పోతే నింద కత్తి మీద పడేది. ఇంకో కారణం కూడా ఉంది, అది నిజమైనది. చీముగడ్డ అనుకుని సార్కోమాని మధ్యలోకి కోసేస్తే కణాలు చుట్టూ చిందుతాయి, ఆ తర్వాతి ఆపరేషన్ పెద్దదవుతుంది. అందుకే ఇప్పుడు సూదితో ముక్క తీస్తారు. ఆ సూది దిగిన దారిని కూడా అసలు ఆపరేషన్‌లో గడ్డతో పాటే తీసేస్తారు. గడ్డని కోయరు, దానిలోకి కత్తి దిగనివ్వరు. చుట్టూ ఆరోగ్యంగా ఉన్న కండ, ఎముక, లోపలి పొర అన్నీ కలిపి ఒకే ముద్దగా బయటికి తీస్తారు. మీ అత్తగారికి ఈ మాట ఆపరేషన్ చేసే సర్జన్ చేతే చెప్పించండి. ఆవిడని ఓపీకి వెంట తీసుకెళ్ళండి. ఇంటి పెద్దని పక్కన పెట్టి నిర్ణయం తీసుకుంటే రేపు ప్రతి చిన్న జ్వరానికీ ఇంట్లో గొడవవుతుంది.

‘కరెంటు పెడితే చాలదా’ అన్నది తీసిపారేయాల్సిన ప్రశ్న కాదు. యూయింగ్ సార్కోమా రేడియేషన్‌కి లొంగే జబ్బే. వెన్నెముకని అంటుకున్న గడ్డ, తీయడానికి వీలే లేని గడ్డ అయితే రేడియేషన్‌నే ఎంచుకుంటారు. కానీ మీ వాడికి 9 ఏళ్ళు. రేడియేషన్ పడిన చోట ఎముక, కండ సరిగా ఎదగవు. ఆ పక్క ఊపిరితిత్తి కొంత గట్టిపడుతుంది. కుడి వైపు కింది పక్కటెముకల వెనకే కాలేయం ఉంది. పదేళ్ళకో ఇరవై ఏళ్ళకో ఆ చోట కొత్త క్యాన్సర్ వచ్చే ముప్పు చిన్నదే అయినా ఉంది. శుభ్రంగా తీయగలిగిన చోట తీయడమే పిల్లలకి మేలు అని నా అభిప్రాయం, ఈ జబ్బు చూసే చాలామంది పిల్లల సర్జన్ల అభిప్రాయం కూడా అదే. అయితే తీసిన ముక్క అంచుల్లో కణాలు కనబడితేనో, మొదట్లో తీసిన నీటిలో క్యాన్సర్ కణాలు ఉండి ఉంటేనో ఆపరేషన్ తర్వాత రేడియేషన్ కూడా ఇవ్వాల్సి రావచ్చు. అలా చెబితే ఆపరేషన్ ఫెయిలయిందని అనుకోకండి. ఆ నీటి పరీక్ష రిపోర్టు మీ దగ్గరుంటే సర్జన్‌కి తప్పక చూపించండి.

ఆపరేషన్‌లో ఏం చేస్తారో మీకు తెలిస్తే టెన్షన్ కొంత తగ్గుతుంది. బాబుని ఎడమ పక్కకి తిప్పి పడుకోబెడతారు. ముక్క తీసినప్పటి మచ్చ కూడా కలిసేలా కోత పెడతారు. గడ్డకి దూరంగా ఉన్న సందులోంచి ముందు ఛాతీ లోపలికి చూసి, వేలితో తడిమి, గడ్డ లోపల ఎంతమేర ఉందో నిర్ధారించుకుంటారు. 8వ పక్కటెముకని గడ్డకి రెండు వైపులా కొన్ని సెంటీమీటర్లు వదిలి కోస్తారు. పైనున్న 7వది, కిందనున్న 9వది గడ్డకి ఆనుకున్న మేరకే తీస్తారు. పూర్వం పైదొకటి కిందదొకటి మొత్తంగా తీసేవాళ్ళు. ఇప్పుడు స్కాన్‌లో కనిపించే దాన్ని బట్టి ఎంత అవసరమో అంతే తీస్తున్నారు. ఊపిరితిత్తి అంచు గడ్డకి అతుక్కుని ఉంటే ఆ చిన్న ముక్కని కూడా కలిపి తీస్తారు. దాని వల్ల ఊపిరికి లోటు రాదు. తీసిన దానికి ఏ వైపు ఏదో తెలిసేలా దారాలు కట్టి ల్యాబ్‌కి పంపుతారు. అక్కడ రెండు సంగతులు చూస్తారు: అంచుల్లో కణాలు ఉన్నాయా లేవా అన్నది ఒకటి, కీమోకి గడ్డలో ఎంత భాగం చచ్చిపోయిందన్నది రెండోది. ఆ రిపోర్టు కాపీ అడిగి తీసుకోండి. ఇక ముందు వైద్యం దాన్ని బట్టే నడుస్తుంది.

తీశాక మిగిలే ఖాళీ సంగతి. అక్కడ గట్టిగా ఏమీ లేకపోతే గాలి పీల్చినప్పుడు ఛాతీ అంతా పైకి లేస్తుంటే ఆ చోటు మాత్రం లోపలికి గుంజుకుంటుంది. దాంతో దగ్గు బలం తగ్గి, కఫం నిలిచి, నెమ్ము చేస్తుంది. చిన్న ఖాళీ అయితే, లేదా వెనక రెక్క ఎముక కింద దాక్కునే చోటైతే కండతో మూసేస్తే చాలు. మూడు ఎముకల మేర పక్కన ఖాళీ ఏర్పడితే ఆధారం కావాలి. మీ వాడికి చెప్పిన మెష్ అందుకే. హెర్నియాకి వేసే మెష్ లాంటిదే, కొన్నిచోట్ల ఇంకాస్త దళసరి రకం వాడతారు. దాన్ని చుట్టూ మిగిలిన ఎముకలకి డప్పు తోలులా బిగువుగా లాగి కుడతారు. దాని మీద వీపులో ఉండే వెడల్పాటి కండని రక్తనాళంతో సహా తిప్పి తెచ్చి కప్పుతారు. కుడి వైపు కింది పక్కటెముకల దగ్గర ఇంకో వెసులుబాటు ఉంది. కావాలంటే ఉదర వితానాన్ని, అంటే ఛాతీకీ కడుపుకీ మధ్యనున్న కండరపు పొరని, మిగిలిన పై పక్కటెముకకి ఎత్తి కుడతారు. అప్పుడు ఆ ఖాళీ ఛాతీలోకి కాక కడుపు వైపుకి వస్తుంది, ఊపిరికి ఇబ్బంది తగ్గుతుంది. లోపలి అవయవాల రక్షణ గురించి అడిగారు. గుండె ఎక్కువ భాగం మధ్యలో, ఎడమకి ఉంటుంది, ఈ ఖాళీకి దూరం. ఇక్కడ లోపల ఉండేది కాలేయం, ఊపిరితిత్తి కింది భాగం. మెష్, కండ మానిపోయి ఒక గట్టి పొరగా మారాక రోజువారీ ఆటలకి ఆ రక్షణ సరిపోతుంది. కబడ్డీ, కుస్తీ లాంటి ఆటలు మాత్రం సర్జన్ ఒప్పుకునేదాకా వద్దు.

టైటానియం సంగతి. పొడిగించగల టైటానియం పక్కటెముక ఒకటి ఉన్న మాట నిజమే. అమెరికాలో రాబర్ట్ క్యాంప్‌బెల్ అనే పిల్లల ఎముకల సర్జన్ దాన్ని రూపొందించారు, 2004లో అక్కడి మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. పుట్టుకతోనే పక్కటెముకలు అతుక్కుపోయి, ఛాతీ ఎదగక ఊపిరాడని పిల్లల కోసం చేసినది అది. పిల్లాడు పెరిగేకొద్దీ దాన్ని పొడిగించడానికి మళ్ళీ మళ్ళీ ఆపరేషన్ థియేటర్‌కి వెళ్ళాలి. వెన్ను దగ్గరి నుంచి చాలా ఎముకలు పోయిన పిల్లలకి ఆలోచిస్తారు, మీ వాడికి నాకైతే అవసరం కనబడటం లేదు. టైటానియం పట్టీలు, బోన్ సిమెంట్ పలకలు పెద్దలకి ఎక్కువగా వాడతారు. ఎదిగే ఛాతీలో పలక ఎదగదు కదా! చుట్టూ ఎముక పెరుగుతుంటే అది అక్కడే బిగుసుకుని ఉంటుంది, లేదా సడలుతుంది. పైగా కీమో మధ్యలో ఉన్న పిల్లాడి ఒంట్లో ఎంత ఎక్కువ బయటి వస్తువు ఉంటే ఇన్ఫెక్షన్ భయం అంత ఎక్కువ. ఖరీదైనది కాబట్టి మేలైనది అనుకోవద్దు. పిల్లల్లో సరిపోయేంత గట్టిగా ఉండి, వాళ్ళతో పాటు వంగి ఎదిగే ఏర్పాటే మంచిది.

మీ భయాల్లో పూర్తిగా నిజమైనది వెన్ను వంకర. పక్కటెముకలు తీసిన పిల్లల్లో కొందరికి ఎదిగే వయసులో వెన్ను ఒక పక్కకి ఒంగుతుంది. ఎముక ఎంత వెనక భాగం నుంచి, అంటే వెన్నుకి ఎంత దగ్గరగా తీస్తే అంత ముప్పు. ఎక్కువ ఎముకలు తీసినా, పిల్లాడు బాగా చిన్నవాడైనా, రేడియేషన్ కూడా పడినా ముప్పు పెరుగుతుంది. కాబట్టి సర్జన్‌ని సూటిగా అడగండి: “ఎముకలు ముందు నుంచి తీస్తారా, పక్క నుంచా, వెన్ను దాకా వెళ్తారా?” పక్క భాగమే అయితే కొంత ఊరట. ఏదైనా సరే, ఎదుగుదల ఆగేదాకా, అంటే 16, 17 ఏళ్ళు వచ్చేదాకా ఆరు నెలలకోసారి నిలబెట్టి వెన్ను ఎక్స్‌రే తీయించాలి. ఇంట్లో మీరు చూడాల్సింది ఇది: చొక్కా విప్పి, రెండు చేతులూ కలిపి ముందుకి వంగమనండి. వెనక నిలబడి చూస్తే వీపులో ఒక పక్క ఎత్తుగా లేస్తోందా? నిలబడ్డప్పుడు ఒక భుజం దిగిందా? కనబడితే అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా వెళ్ళండి. మొదట్లోనే పట్టుకుంటే ముదరకుండా చూసే అవకాశం ఎక్కువ.

ఆపరేషన్ అయ్యాక కొన్ని రోజులు డొక్కలోంచి ఒక గొట్టం నీళ్ళున్న బాటిల్‌కి వేలాడుతుంది. దగ్గినప్పుడు బుడగలు రావడం చూసి బెదిరిపోకండి. బాటిల్‌ని మాత్రం మంచం కన్నా కిందే ఉంచాలి, ఎవరూ పైకి ఎత్తకూడదు. నొప్పి తగ్గడానికి వెన్ను దగ్గర సన్నటి ట్యూబు ద్వారా మందు ఇస్తారు. నొప్పి ఉంటే దగ్గడు, దగ్గకపోతే నెమ్ము చేస్తుంది, అందుకని నొప్పి ఉందని వాడు చెబితే మొహమాటపడకుండా నర్సుకి చెప్పండి. మూడు బంతుల పరికరం ఇస్తారు, గాలి లోపలికి పీలిస్తే బంతులు లేవాలి. ఊదడం కాదు, పీల్చడం. ఆపరేషన్‌కి వారం ముందు నుంచే ఇంట్లో ప్రాక్టీస్ చేయించండి. నొప్పి వైపుకి ఒరిగి కూర్చోవడం పిల్లలందరూ చేస్తారు, అదే అలవాటైతే వెన్నుకి చేటు. అద్దం ముందు నిటారుగా కూర్చోబెట్టండి. కుడి చేత్తో తల దువ్వుకోమనండి, అలమర పై అర అందుకోమనండి.

పత్యం గురించి ఒక గట్టి మాట. పప్పు పెడితే కుట్లు చీము పడతాయని, గుడ్డు వేడి అని, పెరుగు నెమ్ము అని ఒక్కొక్కటే మాన్పిస్తారు. ఆ పని చేయకండమ్మా. కీమోతో చిక్కిన ఒంటికి పుండు మానాలంటే మాంసకృత్తులే కావాలి. ఉడికించిన గుడ్డు, పప్పు, పాలు, ఇంట్లో అప్పుడే తోడేసిన పెరుగు, బాగా ఉడికిన చేపా మాంసం పెట్టండి. బయటి తిండి, కోసి ఉంచిన పళ్ళు మాత్రం వద్దు. ఆకు పసర్లు, పొడులు ఎవరిచ్చినా కీమో పూర్తయ్యేదాకా ఇవ్వొద్దు. కాలేయం ఆ మందులతోనే అలసిపోయి ఉంటుంది.

ఆపరేషన్ అయిన రెండు మూడు వారాలకే కీమో మళ్ళీ మొదలవుతుంది. తీసేశారు కదా అని ఇంటికి వెళ్ళి ఆగిపోయేవాళ్ళు ఉన్నారు, ఆ పొరపాటు వద్దు. రక్తంలో కనబడకుండా తిరిగే కణాల కోసం ఆ మిగతా కీమో. ఈ కీమో నడిచే రోజుల్లో 100.4 డిగ్రీల జ్వరం వస్తే పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూడకుండా, అర్ధరాత్రైనా ఆస్పత్రికి బయల్దేరాలి. కీమోలో వాడే డాక్సోరుబిసిన్ గుండెని దెబ్బతీయవచ్చు కాబట్టి చికిత్స ముగిశాక కూడా ఎకో పరీక్ష ఏళ్ళ తరబడి చేయిస్తూ ఉండాలి.

బాబుకి ఏం చెప్పాలని మీరు అడగలేదు గానీ చెప్పకుండా తీసుకెళ్ళొద్దు. 9 ఏళ్ళ పిల్లాడికి ఇంట్లో గుసగుసలన్నీ తెలుస్తాయి. “గడ్డ ఉన్న ఎముక ముక్కని డాక్టర్ తీసేస్తారు, నిద్రమందు ఇస్తారు కాబట్టి నీకు తెలియదు, లేచాక నొప్పి ఉంటుంది, మందు ఇస్తారు, నేను పక్కనే ఉంటాను” అని చెప్పండి. ఎముక మళ్ళీ మొలుస్తుందా అని అడుగుతాడు, దాదాపు ప్రతి పిల్లాడూ అడుగుతాడు. మొలవదు. ఎముక మీది పొరని ఉంచేస్తే పక్కటెముక తిరిగి పెరుగుతుంది, కానీ గడ్డ ఆపరేషన్‌లో ఆ పొరని కూడా తీసేయాలి. అబద్ధం చెబితే రేపు మీ మాట మీద వాడికి నమ్మకం పోతుంది.

ఎక్కడ చేయించాలి అన్నది ఆస్పత్రి పేరుని బట్టి కాక మనుషుల్ని బట్టి తేల్చుకోండి. పిల్లల క్యాన్సర్ డాక్టర్, ఛాతీ ఆపరేషన్లు చేసే సర్జన్, ప్లాస్టిక్ సర్జన్, పిల్లల ఐసీయూ ఒకే కప్పు కింద ఉండాలి, మీ వాడి కేసు వాళ్ళంతా కలిసి కూర్చుని చూసి ఉండాలి. ఇప్పుడు చూపిస్తున్న చోట అవన్నీ ఉంటే మారక్కర్లేదు. సందేహం ఉంటే విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రిలోనో, హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె., బసవతారకం ఆస్పత్రుల్లోనో, వెల్లూరు సీఎంసీలోనో, ముంబై టాటా మెమోరియల్‌లోనో రెండో అభిప్రాయం తీసుకోండి, తేదీ దాటకుండా. వెళ్ళేటప్పుడు కీమోకి ముందు తీసిన మొదటి సీటీ సీడీ తప్పక ఉండాలి. ఇప్పటి స్కాన్‌లో గడ్డ కుదించుకుపోయింది, మొదట ఎక్కడి నుంచి ఎక్కడిదాకా ఉందో ఆ సీడీలోనే ఉంటుంది, సర్జన్ గీత గీసేది దాన్ని చూసే. ముక్క పరీక్ష మైనపు బ్లాకులు, స్లైడ్లు కూడా ల్యాబ్ నుంచి అడిగి తీసుకోండి, అవి మీవే. ఖర్చుకి ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు మీద ఏ మేరకు వస్తుందో ఆస్పత్రిలోని వైద్య మిత్రని అడిగి ముందే రాయించుకోండి, మిగతా దానికి ముఖ్యమంత్రి సహాయ నిధికి ఆపరేషన్‌కి ముందే దరఖాస్తు పెట్టండి. తర్వాత బిల్లులు పట్టుకుని తిరగడం కన్నా అది సులువు.

సర్జన్‌ని కలిశాక ఇంకా అనుమానాలు మిగిలితే మళ్ళీ రాయండి, మొదటి సీటీ రిపోర్టులోని మాటలు కూడా రాసి పంపండి.